సైన్ లాంగ్వేజ్‌కు గ్రామర్ ఉంటదా? తెలుగుతోని పోల్చి చూస్తే

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. బాబుకు మూడేండ్లు, రెండు చెవులూ వినపడవని తేలింది, సైన్ లాంగ్వేజ్ నేర్పిద్దామని నువ్వంటే ఇంట్ల పెద్దోళ్ళు "అవి ఉత్త సైగలు, దానికో గ్రామర్ లేదు పాడు లేదు, అలవాటైతే ఇగ తెలుగు రానే రాదు" అంటున్నరు, అసలు తెలుగు లాంటి మాట్లాడే భాషకు సైన్ లాంగ్వేజ్‌కు నిర్మాణంల పోలికేంది, తేడా ఏంది అని అడిగినవు. నేను హన్మకొండల ఉంటా. మా అన్న పుట్టుకతోనే డెఫ్, నాకంటే నాలుగేండ్లు పెద్ద. అమ్మతోని తెలుగు, అన్నతోని చేతుల భాష, రెండూ నాకు ఒక్క వయసులనే వచ్చినయి. తర్వాత ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సైన్ లాంగ్వేజ్, పద్ధతి ప్రకారం నేర్చుకొని ఇరవై రెండేండ్ల నుంచి ఇంటర్‌ప్రిటర్‌గ చేస్తున్న. స్టేషన్లు, కోర్టులు, ఆస్పత్రులు, పెండ్లిచూపులు అన్నిట్ల నిలబడ్డ. కొంచెం పొడుగ్గనే రాస్తున్న, ఓపికతోని చదువు, వీలైతే మీ అత్తమ్మకు గూడ చదివి వినిపియ్యి.

గ్రామర్ ఉన్నది. తెలుగుకు ఎంత ఉన్నదో దానికీ అంత ఉన్నది. కొన్ని దగ్గర్ల అయితే ఇంగ్లీష్ కంటే ఐఎస్ఎల్లే తెలుగుకు దగ్గరగ ఉంటది, అదెట్లనో చెప్తా.

ముందు సైగ అంటే ఏందో తేల్చుకుందాం. ఎడ్ల అంగడిల బేరగాళ్ళు తువాల కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకొని ధర చెప్పుకుంటరు చూడు, పక్కనున్నోనికి తెల్వకుండ. అది సైగ. దాంతోని అంకెలు చెప్పొచ్చు, బేరం తెంపొచ్చు, అంతే. "నిన్న మా బావమరిది ఈ ఎడ్లకు నీకంటె ఎక్కువ ఇస్తనన్నడు గానీ వాని మాట మీద నాకు నమ్మకం లేదు" అని ఆ తువాల కింద చెప్పలేవు. మా అన్న చెప్తడు. నిన్న అనేది, బావమరిది అనేది, నీకంటె అనేది, అన్నడు అనేది, గానీ అనేది, అన్నీ చేతులతోని మొహంతోని చెప్తడు, ఇంకో డెఫ్ మనిషికి ఒక్క ముక్క గూడ పోకుండ అర్థమైతది. దూరంల ఉన్నది, లేనిది, రేపు జరిగేది, జరగకపోయేది, అబద్ధం, అనుమానం ఇవన్నీ చెప్పగల్గుతున్నమంటే అది భాష. కండక్టర్ చెయ్యి ఊపినట్టు కాదు.

ఇగ లోపలికి పోదాం. తెలుగుల పాలు, కాలు, వేలు తీస్కో. మొదటి ధ్వని మారితే మాటే మారిపోయింది. "ప్" అనేదానికి సొంతంగ అర్థం ఏమన్న ఉన్నదా? లేదు. అర్థం లేని ముక్కలు కొన్ని, వాటిని అటు ఇటు కలిపితే అర్థం ఉన్న మాటలు వేలకు వేలు. ఏ భాషకైనా ఇదే పునాది. చేతుల భాషకు ఈ పునాది లేదు, ప్రతి సైగ ఒక బొమ్మ అని చాలాకాలం పండితులు గూడ అనుకున్నరు. విలియం స్టోకీ అని ఒకాయన, వాషింగ్టన్ల డెఫ్ వాళ్ళ కాలేజీ గాలొడెట్‌ల ఇంగ్లీష్ సాహిత్యం చెప్పేటందుకు 1955ల చేరిండు, పిల్లలు వరండాల మాట్లాడుకునేది చూసి చూసి ఇది బొమ్మలాట కాదు అని పట్టుకున్నడు. 1960ల పుస్తకం తెచ్చిండు. ఒక్కో సైన్‌ను విడదీస్తే చెయ్యి ఆకారం, చెయ్యి ఎక్కడ పెట్టినం, ఎట్ల కదిలించినం అని మూడు ముక్కలు వస్తయన్నడు. తర్వాతోళ్ళు అరచెయ్యి ఎటు తిరిగి ఉన్నది అనేది కలిపిర్రు, మొహం గూడ కలిసింది.

దానికి అందరూ చెప్పే ఉదాహరణ అమెరికా సైన్‌ది. చూపుడువేలును మొహం ముంగట అడ్డంగ లాక్కుంట వంచుతరు. అదే వేలు, అదే కదలిక. నుదురు దగ్గర చేస్తే ఎండాకాలం, ముక్కు దగ్గర చేస్తే అందంగ లేదు అని, గడ్డం దగ్గర చేస్తే ఎండిపోయింది అని. మన పాలు, కాలు, వేలు ఎట్లనో ఇదీ అట్లనే, అక్కడ ధ్వని మారింది, ఇక్కడ చోటు మారింది. నుదురుకు గానీ గడ్డానికి గానీ అక్కడ అర్థం లేదు.

ఇంకోటి గూడ ఉన్నది, నాకు బాగా నచ్చేది. మన తెలుగు నోటికి ఒక నియమం ఉన్నది గదా, మాట అచ్చుతోని ముగియాలె. అందుకే బస్ అంటే మన ఊర్ల బస్సు అయింది, కార్ అంటే కారు, రోడ్ అంటే రోడ్డు. ఎవ్వరూ నేర్పలేదు, నోరే అట్ల తిప్పుకుంటది. చేతులకు గూడ అట్లాంటి నియమాలున్నయి. రాబిన్ బాటిసన్ అని ఒకాయన 1970లల్ల అమెరికా సైన్ల చూసిండు. ఒక మాటకు రెండు చేతులూ కదులుతున్నయంటే రెండిటి ఆకారం ఒక్కటే ఉంటది, కదలిక గూడ ఒక్కతీరుగ ఉంటది. ఆకారాలు వేరువేరు అయితే ఒక చెయ్యి కదలకుండ నిలబడుతది, ఆ నిలబడ్డ చెయ్యికి గూడ పిడికిలి, చాపిన అరచెయ్యి లాంటి సులువైన ఆకారాలే వస్తయి. ఉత్త సైగలకు ఈ కట్టుబాటు ఉండదు. నువ్వు చీమను చూపియ్యమంటే నా ఇష్టమొచ్చినట్టు చూపిస్త. భాష అయితే ఇష్టమొచ్చినట్టు కుదరదు.

ఇగ వాక్యం సంగతి. ఐఎస్ఎల్ల క్రియ ఎక్కువగ చివరికే వస్తది, తెలుగు లెక్కనే. "లేదు, కాదు" అనేది గూడ చివరికే. "ఆయన డాక్టరు" అని మనం అంటం, మధ్యల ఇంగ్లీష్ ఈజ్ లాంటిది ఏమీ పెట్టం. ఐఎస్ఎల్ల గూడ ఆయన, డాక్టరు, అయిపోయింది. ఇంగ్లీష్ మీడియంల చదివినోళ్ళు వచ్చి "చూడు, దాంట్ల ఈజ్, యామ్ లేవు, కాబట్టి సగం భాష" అంటే నాకు మస్తు బాధ అయితది, అట్లయితే తెలుగు గూడ సగం భాషేనా మరి.

ప్రశ్నలు చూడు. తెలుగుల ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎట్ల, అన్నిటికీ ముంగట "ఎ" ఉన్నది. అక్కడ, ఇక్కడ, ఎక్కడ. అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు. ఒక ప్రశ్న ముక్కను తెచ్చి చోటుకు తగిలిస్తే ఎక్కడ, టైముకు తగిలిస్తే ఎప్పుడు. ఐఎస్ఎల్ల సరిగ్గ ఇదే ఏర్పాటు. ప్రశ్నకు ఒక్కటే సైన్ ఉంటది, దాన్ని మొహం అనే సైన్‌కు కలిపితే ఎవరు, చోటుకు కలిపితే ఎక్కడ, టైముకు కలిపితే ఎప్పుడు, నంబరుకు కలిపితే ఎన్ని. తేడా ఏందంటే మన "ఎ" ముంగట ఉంటది, వాళ్ళ ప్రశ్న ఎన్కకు ఉంటది, మొత్తం వాక్యంల గూడ చివరికే పోతది. "నువ్వు ఎక్కడ చదువుతున్నవు" అనేది వాళ్ళ వరసల నువ్వు, చదువు, చోటు, ప్రశ్న. ఉల్రికె జేషన్ అని జర్మనీ ఆమె ఇండియా, పాకిస్తాన్ డెఫ్ వాళ్ళ మధ్య తిరిగి ఈ గ్రామర్ అంత వివరంగ రాసింది, 2000ల పుస్తకం వచ్చింది. ఢిల్లీల, కరాచీల మాటలు కొన్ని వేరైనా గ్రామర్ ఒక్కటే అని ఆమె చూపించింది. అది చదివినప్పుడు నేను రోజూ చేసే పనికి పేరు దొరికినట్టు అయింది.

మొహం సంగతి మాత్రం ఆగి చెప్పాలె, మన హియరింగ్ వాళ్ళం, అంటే చెవులు వినపడేటోళ్ళం, అందరం తప్పు చేసేది ఇక్కడనే. "వచ్చిండు" అంటే వచ్చిండు. "వచ్చిండా" అంటే ప్రశ్న. ఒక్క దీర్ఘం. ఐఎస్ఎల్ల ఆ దీర్ఘం పని మొహం చేస్తది. చేతులు అవే, వరస అదే, కండ్లు పెద్దగ చేసి తల కొంచెం ముందుకు వంచితే అవునా కాదా అని అడిగినట్టు. ఎక్కడ, ఎవరు లాంటి ప్రశ్న అయితే గడ్డం కొంచెం పైకి లేచి తల ఎన్కకు పోతది. ఇది కోపమో ఆశ్చర్యమో కాదు, గ్రామర్. బయటోళ్ళు చూసి "వీళ్ళకు ఎంత ఎమోషన్" అంటరు. ఎమోషన్ వేరే ఉంటది, ఒక్క మొహం మీదనే రెండూ నడుస్తయి. నేను ఇంటర్‌ప్రిటింగ్ మొదలు పెట్టిన కొత్తల, స్టేజీ మీద నిలబడి చేతులు మాత్రం గబగబ తిప్పుతుండె, మొహం బిగబట్టుకొని. దిగినంక అన్న నన్ను పక్కకు పిలిచి ఒక్కటే మాట చెప్పిండు, "నువ్వు ఏది అడుగుతున్నవో ఏది చెప్తున్నవో మాకు తెలుస్తలేదు, అన్నీ ఒక్కతీరుగున్నయి." తెలుగును అచ్చుల్లేకుండ మాట్లాడినట్టు చేసిన అన్నమాట. ఆ తర్వాత ఆర్నెల్లు రోజు రాత్రి అద్దం ముంగట కూసొని నేర్చుకున్న.

ఇప్పుడు అసలు తేడాకు వస్తున్న. మన నాలుక ఒక్కటే, ధ్వనులు ఒకదాని ఎన్కల ఒకటి రావాలె, దారం మీద పూసల్లాగ. వాళ్ళకు రెండు చేతులు, మొహం, భుజాలు, ముంగటంత ఖాళీ జాగ. అవన్నీ ఒక్కసారే పని చేస్తయి. చెయ్యి నాలుక కంటె బరువు గదా, ఒక్కో సైన్‌కు ఒక్కో మాట కంటె దాదాపు రెండింతల టైం పడుతది. ఉర్సులా బెలూజీ, సుసాన్ ఫిషర్ అని ఇద్దరు పరిశోధకులు 1972ల రెండు భాషలూ వచ్చినోళ్ళతోని ఒకే కథ రెండు తీర్ల చెప్పించి లెక్క కట్టిర్రు, మాటల లెక్కల సైన్ నిదానం, కానీ ఒక్కో విషయం చెప్పేటందుకు పట్టిన టైం మాత్రం రెండిట్ల దాదాపు సమానం వచ్చింది. ఎట్ల అంటే, మనం నాలుగు మాటలు వరసగ పెట్టేకాడ వాళ్ళు ఒక్క కదలికల నాలుగూ పెట్టేస్తరు.

"ఇవ్వు" తీస్కో. "నేను నీకు ఇచ్చిన" అంటం, "నువ్వు నాకు ఇచ్చినవు" అంటం. ఎవరు ఎవరికి అనేది చెప్పేటందుకు మనకు "కు" కావాలె, చివర "వు" కావాలె. ఐఎస్ఎల్ల చెయ్యి నా దగ్గర మొదలై నీ దిక్కు పోతే నేను నీకు, నీ దగ్గర మొదలై నా దిక్కు వస్తే నువ్వు నాకు. అక్కడ లేని మనుషులనైతే ముందు గాలిల ఒక జాగ చూపిచ్చి పెడతరు, ఇక్కడ మామ, అక్కడ అత్త. పది నిమిషాలయినంక గూడ ఆ జాగ దిక్కు చెయ్యి పోతే మామకు ఇచ్చినట్టే. మన విభక్తి ప్రత్యయం చేసే పని అక్కడ దిశ చేస్తది. అన్ని క్రియలూ ఇట్ల తిరగవు, తినుడు లాంటివి ఒంటికి అతుక్కొని ఉంటయి, అవి ఎటూ పోవు, అప్పుడు ఎవరనేది వేరే చూపియ్యాలె. ఏ క్రియ తిరుగుతది ఏది తిరగదు అనేది నేర్చుకోవాల్సిందే, ఊహించి చెప్పలేం.

ఒక సంగతి చెప్తా, ఇది నా తప్పే. ఒక యాక్సిడెంట్ కేసుల డెఫ్ పిల్లగాడు సాక్షి. కాజీపేట దిక్కు పొయ్యే రోడ్డు మీద మలుపు. స్టేషన్ల ఎస్సై అడుగుతున్నడు, పిల్లగాడు చూపిస్తున్నడు, నేను తెలుగుల చెప్తున్న. వాడు ఒక చెయ్యి నిలువుగ పెట్టిండు, అది బైకు. ఇంకో చెయ్యి వెడల్పుగ బోర్ల పెట్టిండు, అది లారీ. బైకు చెయ్యి సన్నగ ఊగుకుంట ముందుకు పోతున్నది, ఆ ఊగుడుల్నే రోడ్డు బాగలేదని తెలుస్తున్నది. వాని తల ఎన్కకు తిరిగింది, అంటే బైకు నడిపేటోడు ఎన్కకు చూస్తున్నడు. లారీ చెయ్యి పక్కకెళ్ళి వంకర తిరిగి వచ్చి తాకింది, బైకు చెయ్యి అవతలికి పడ్డది. మొత్తం మూడు సెకన్లు. నేను తెలుగుల ఏమన్ననో తెలుసా, "లారీ వచ్చి బైకును గుద్దింది సార్." నాలుగు మాటలు. ఊగుడు పోయింది, తల తిప్పుడు పోయింది, ఏ దిక్కునుంచో పోయింది. తెలుగుల ఆ మాట చెప్పకున్నా వాక్యం నిండుతది. ఐఎస్ఎల్ల లారీ ఎటునుంచో చూపియ్యకుండ గుద్దింది అని చెప్పుడు దాదాపు కుదరదు, చెయ్యి ఎటునుంచో ఒకవైపు నుంచి రావాలె గదా. ఎస్సై మళ్ళ అడిగిండు, ఏ వైపునుంచి అని. నేను కుడి అన్న. నాకు కనపడ్డది కుడి, ఎందుకంటె నేను వానికి ఎదురుంగ కూసున్న. చెప్పేటోని కుడిఎడమలే లెక్క, చూసేటోడు మనసుల తిప్పుకోవాలె. కానిస్టేబుల్ కాగితం మీద మలుపు బొమ్మ గీస్తుంటె పిల్లగాడు చూసి టేబుల్ మీద కొట్టి ఆపిండు, ఎడమ అని. వాడు ఆపకపోతె నా వల్ల ఒక తప్పు రికార్డుల పడుతుండె. అప్పటినుంచి నేను సాక్షి పక్కకు జరిగి కూసుంట, ఎదురుంగ కూసోను.

దీనికి ఉల్టా గూడ ఉన్నది. ఆస్పత్రిల డెఫ్ ఆమె చెప్తున్నది, డాక్టర్ నిన్న వచ్చి రిపోర్ట్ చూసి ఇట్లన్నరు అని. ఐఎస్ఎల్ల "వచ్చుడు" అనే క్రియ మీద ఆడ మగ గుర్తు ఉండదు. తెలుగుల నేను నోరు తెరవాలంటె వచ్చిండు అనాల్నా, వచ్చింది అనాల్నా, వచ్చిర్రు అనాల్నా తేల్చుకోవాలె, తేల్చుకోకుండ తెలుగు వాక్యం ముగియదు. వచ్చిర్రు అని గౌరవం పెడితే ఆడ మగ తేడా దాగిపోతది, నేను చానాసార్లు అట్లనే దాటేసిన. కానీ పక్కింటి చిన్న పిల్లల్ల ఒక్కరి గురించి చెప్తుంటె ఆ గౌరవం కుదరదు, అప్పుడు ఆపి అడగాల్సిందే. ఒక భాష దిక్కు చెప్పమని పట్టుబడుతది, ఇంకో భాష ఆడనా మగనా, పెద్దనా చిన్ననా చెప్పమని పట్టుబడుతది. ఇట్ల మెడ మీద కత్తి పెట్టి అడిగేదే గ్రామర్ అంటె. మీ ఇంట్ల ఎవరన్న గ్రామర్ లేదంటె ఈ రెండు సంగతులు చెప్పు.

ఇంకోటి తెలుగోళ్ళకు తొందరగ అర్థమయ్యేది. మనం "రవి రేపు నేను వస్తనన్నడు" అంటం. ఆ "నేను" ఎవరు? చెప్పే నేను కాదు, రవి. "వస్త" గూడ నేనుకు తగ్గట్టె ఉన్నది. ఇంగ్లీష్ల ఇట్ల చెప్పరు, వాడు వస్తడని వాడన్నడు అని తిప్పి చెప్తరు. సైన్ లాంగ్వేజ్‌లల్ల మన పద్ధతే. చెప్పేటోడు భుజం కొంచెం పక్కకు తిప్పి, చూపు మార్చి, రవి అయిపోతడు, తన ఛాతీ మీద వేలు పెట్టుకుంటడు, ఆ వేలు ఇప్పుడు రవిది. భుజం మళ్ళ తిరిగొస్తే రవి అయిపోయిండు. మన "అని" ఎక్కడుందంటె ఆ భుజంల ఉన్నది. ఇంగ్లీషోళ్ళు ఇది నేర్చుకునేటప్పుడు తడబడుతరు, తెలుగు పిల్లలకు నేను నేర్పినప్పుడు ఒక్క రోజుల పట్టుకుంటరు.

అట్లనే తిరిగీ తిరిగీ, చూసీ చూసీ, ఏడ్సి ఏడ్సి అని మనం క్రియను రెండుసార్లు అంటం గదా, ఆగకుండ చాలాసేపు జరిగింది అని చెప్పేటందుకు, సైన్ల గూడ కదలికను మళ్ళమళ్ళ చేస్తరు, నిదానంగ గుండ్రంగ తిప్పితే ఒక అర్థం, గబగబ చిన్నగ చేస్తే ఇంకో అర్థం. మూడు అనేది మనుషులకైతే ముగ్గురు అయినట్టు, మూడు వందలు మున్నూరు అయినట్టు, చాలా సైన్ లాంగ్వేజ్‌లల్ల మూడు వేళ్ళను నెల అనే సైన్ల ఇమిడిస్తరు, ఒక్క సైన్‌తోని మూడు నెలలు.

"అన్నీ చూడంగనే అర్థమయ్యే బొమ్మలే గదా" అనే మాటకు గూడ జవాబు చెప్పాలె. ఐఎస్ఎల్ల ఆడమనిషి అంటే ముక్కు పక్కన వేలు, ముక్కుపుడక జాగ. మగమనిషి అంటే మీసం. బొమ్మ ఉన్నది నిజమే, మాట్లాడే భాషల కంటె సైన్ల ఇది ఎక్కువే, ఆ తేడా ఒప్పుకోవాలె. కానీ ముక్కుపుడక పెట్టుకోని ఆమెకు గూడ అదే సైన్, మీసం తీసేసినోనికి గూడ అదే సైన్. అమెరికాల ఈ రెండూ వేరే. చెట్టు అనే మాటను అమెరికా వాళ్ళు ముంజెయ్యి నిలబెట్టి, వేళ్ళు చాపి చెయ్యి తిప్పి చూపిస్తరు, డెన్మార్క్ వాళ్ళు గాలిల చెట్టు ఆకారం గీస్తరు, చైనా వాళ్ళు మొద్దును రెండు చేతుల మధ్య చూపిస్తరు. చెట్టు ఒక్కటే, ఏ ముక్కను తీసుకోవాలె అనేది ఒక్కో భాష ఒక్కో తీరుగ తేల్చుకున్నది. మనకు మాత్రం బొమ్మ మాటలు లేవా? గలగల, జలజల, టపటప, చిటపట, ధడేల్మని. మక్కపేలాలు పెనం మీద చిటపట అంటుంటె చెవికి బొమ్మ కనపడదా. నోటితోని చప్పుడును గీస్తం, చేతితోని ఆకారాన్ని గీస్తరు.

ప్రపంచమంత ఒక్కటే సైన్ అనుకునేటోళ్ళు గూడ ఉన్నరు. కాదు. ప్రపంచ బధిరుల సమాఖ్య లెక్క ప్రకారం 7 కోట్ల పైన డెఫ్ వాళ్ళు, 300 పైన సైన్ లాంగ్వేజ్‌లు. ఇంగ్లండ్, అమెరికా రెండిట్ల ఇంగ్లీషే గానీ వాళ్ళ సైన్‌లు ఒకరివి ఒకరికి అర్థం కావు, ఎందుకంటే అమెరికాది ఫ్రాన్స్‌నుంచి పోయింది, లారెంట్ క్లెర్క్ అనే ఫ్రెంచ్ డెఫ్ టీచర్ 1816ల అమెరికా పోయిండు, ఇంకొందరితోని కలిసి 1817ల హార్ట్‌ఫర్డ్‌ల బడి పెట్టిండు. పక్కన మాట్లాడే భాష ఏదున్నా సైన్ దాని బిడ్డ కాదు, దాని చుట్టాలు వేరే. మన ఐఎస్ఎల్ గూడ తెలుగునో హిందీనో చేతులతోని చెప్పుడు కాదు. వేళ్ళతోని ఏ, బీ, సీలు చూపిచ్చుడు గూడ ఐఎస్ఎల్ కాదు, అది పేర్లకు వాడే ఒక పనిముట్టు మాత్రమే, మనకాడ రెండు చేతులతోని చేస్తరు. వరంగల్ల వాడే కొన్ని మాటలు ఢిల్లీల వేరే ఉంటయి, పరకాల తెలుగు గుంటూరు తెలుగు లెక్కన్నట్టు.

మెదడు సంగతి ఒక ముక్క చెప్పి ముందుకు పోతా. పక్షవాతం వచ్చి ఎడమ మెదడు దెబ్బతిన్న డెఫ్ వాళ్ళను బెలూజీ, ఎడ్వర్డ్ క్లైమా, హోవర్డ్ పోయిజ్నర్ పరిశీలించి 1987ల పుస్తకం రాసిర్రు. వాళ్ళకు చెయ్యి లేస్తది, వస్తువు పట్టుకుంటరు, కానీ సైన్ వాక్యం మాత్రం చెడిపోయింది, హియరింగ్ వాళ్ళకు మాట పోయినట్టె. కుడి మెదడు దెబ్బతిన్నోళ్ళకు బొమ్మ గీసుడు చెడింది గానీ సైన్ గ్రామర్ నిలిచింది. ఉత్త బొమ్మలే అయితే ఇట్ల ఉండొద్దు గదా. డెఫ్ తల్లిదండ్రుల పసిపిల్లలు చేతులతోనే ముద్దుమాటలు ప్రాక్టీస్ చేస్తరని 1991ల లారా పెటిట్టో అనే పరిశోధకురాలు చూపించింది.

మరి ఇన్ని ఉండంగ ఇది భాష కాదనే మాట ఎక్కడినుంచి వచ్చింది? 1880ల ఇటలీ మిలాన్ల టీచర్ల పెద్ద మీటింగ్ పెట్టి బడుల్ల సైన్ వద్దు, నోటి మాటే నేర్పాలె అని తీర్మానం చేసిర్రు. ఆ గాలి మన దాక వచ్చింది. మా అన్నను చేర్పిచ్చిన బడిల పెదవులు చూసి చదవమనేది, చేతులు లేపితే స్కేలుతోని వేళ్ళ మీద కొట్టేది. పలక మీద బ ఒకటి మ ఒకటి రాసి పెదవులు చూసి చెప్పమంటరు, రెండిటికీ పెదవులు ఒక్కతీరుగనే మూసుకుంటయి, పిల్లలు ఎట్ల చెప్పాలె? పది ఏండ్లొచ్చే దాక అన్నకు టీచర్ చెప్పేది పావలా వంతు గూడ ఎక్కలేదు. హాస్టల్ గదిల రాత్రి పెద్ద పిల్లలు చేతులతోని చెప్పిన కథలే వానికి చదువు. అన్న ఇప్పటికీ ఆ బడి ముంగటికెళ్ళి పోడు.

"సైన్ నేర్పితే తెలుగు రాదు" అనే భయం ఉన్నదే, దానికి నా అనుభవంల ఆధారం లేదు. అమెరికాల స్ట్రాంగ్, ప్రింజ్ అని ఇద్దరు 1997ల చూసిర్రు, సైన్ బాగ వచ్చిన డెఫ్ పిల్లలకే ఇంగ్లీష్ చదువుడు రాసుడు గూడ బాగుంది. చెవికి మిషన్ పెట్టియ్యాల్నా, ఆపరేషనా అనేది డాక్టర్ దగ్గర తేల్చుకో, అందుల నేను జొరబడ. ఏది చేసినా సైన్ దానికి అడ్డం రాదు. చిన్న వయసుల ఏదో ఒక భాష నిండుగ దొరకాలె, మూడేండ్లు ఇప్పటికే అయినయి, ఇంకో ఏడాది చూద్దాం అని మాత్రం అనకు.

ఢిల్లీల 2015ల పెట్టిన ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ వాళ్ళ డిక్షనరీ ఉన్నది, 2018ల 3,000 మాటలతోని మొదలై 2021కి 10,000 అయింది, వీడియోలు యూట్యూబ్ల ఉచితం. మాటలు దాంట్ల నేర్చుకో, గ్రామర్ మాత్రం మనుషుల దగ్గర నేర్చుకో. వారంల ఒక్కసారన్న డెఫ్ పెద్దోళ్ళు కలిసే కాడికి బాబును తీస్కపో. వాడు మొదట్ల సైన్ వంకరగ చేస్తడు, కష్టమైన వేళ్ళ ఆకారం బదులు మొత్తం అరచెయ్యి పెడతడు. "చెప్పు"ను "తెప్పు" అన్నట్టే అది, చెయ్యి పట్టి సరిచెయ్యకు, నువ్వు సరిగ్గ చేసి చూపియ్యి.

ఈ రాత్రి నుంచే బంతి దాచి "ఎక్కడ" ఆడు. బంతి, చోటు, ప్రశ్న, గడ్డం కొంచెం పైకి. ఒక్కటి మర్చిపోకు, తెలుగు ఎన్కనుంచి పిలిచినా వినపడుతది, ఇది అట్ల కాదు, వాడు చూస్తలేనప్పుడు చేసింది వానికి చేరదు. భుజం మీద మెల్లగ తట్టు, వాని కండ్లు నీ మీదికి వచ్చేదాక ఆగు, అప్పుడు చేతులు లేపు.